బరువు కాదు, దూరం

ఫస్టియర్‌లో మొమెంట్ అంటే బలం ఇంటూ దూరం అని బట్టీ పట్టేశాను. దాని అసలు అర్థం నథానియల్ హెరెషాఫ్ గురించి చదివాకే తెలిసింది.

ఆయన 1848లో అమెరికాలోని బ్రిస్టల్‌లో పుట్టారు, ఎం.ఐ.టి.లో చదువుకున్నారు. అప్పట్లో తెరచాప పడవ ఒరిగిపోకుండా అడుగున బరువు వేసేవారు. ఆయన ఆ బరువు తీసేసి, రెండు సన్నటి పడవల్ని ఎడంగా పెట్టి కలిపారు. దూరం పెరిగితే తక్కువ బరువే చాలు కదా! అలాంటి పడవనే కాటమరాన్ అంటారు. ఆ పేరు తమిళ 'కట్టుమరం' నుంచే వెళ్లింది.

1876లో న్యూయార్క్ పోటీలో ఆయన 'అమరిల్లిస్' మిగతా పడవల్ని దాటేసింది. ఓడినవాళ్లు ఫిర్యాదు చేస్తే ఆ గెలుపు చెల్లదన్నారు. 1877లో పేటెంట్ మాత్రం వచ్చింది. ఆయన ఆగలేదు. 1893 నుంచి 1920 దాకా అమెరికాస్ కప్ గెలిచిన పడవలన్నీ ఆయన గీసినవే. కానీ అవన్నీ ఒంటి పడవలు.

1938లో ఆయన పోయారు. కాటమరాన్‌లు జనంలోకి వచ్చింది ఆ తర్వాతే. ఇవాళ బక్కపలచటి మనిషి కూడా అంచు మీంచి బయటికి వాలి, చిన్న కాటమరాన్‌ని ఒక్కడే నడపగలడు. అయితే అది తిరగబడిందా, ఆ వెడల్పే అడ్డం; మళ్లీ లేపాలంటే బరువు కావాల్సిందే. 48 కిలోల నేను ఈ రెండో మాట కూడా గుర్తుపెట్టుకున్నాను.