గీటురాయిపై ప్రతాపరుద్రుడు

వెండి యుంగరమునకు బంగారు పూత పూసి, వజ్రముల చోట గాజురాళ్లు పొదిగినచో, దీపపు వెలుతురులో అది రాజాభరణమువలెనే మెరయును. గీటురాయిపై రాచినప్పుడు గాని లోపలి వెండి బయటపడదు. వజ్రాల సీమ నేలిన రాజునకును అట్టి పరీక్ష యొకటి వచ్చెను. ఆతడు ఓరుగల్లు కాకతీయులలో కడపటివాడైన ప్రతాపరుద్రుడు.

రుద్రమదేవి కుమార్తె ముమ్మడమ్మకును మహాదేవునకును పుట్టిన ఆతనిని మాతామహియే దత్తత గైకొని పెంచెను. 1289లో ఆమె గతించిన పిమ్మట ఆతడు సింహాసన మెక్కెను. మోటుపల్లి రేవును గూర్చి వ్రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, వానలు వెలిసిన తరువాత అచ్చటి కొండవాగులలో జనులు వజ్రము లేరుకొనుటను వర్ణించెను. మేలిరాళ్లన్నియు రాజులకు చేరుననియు, ఐరోపాకు వచ్చునవి వట్టి తాలనియు తెలిపెను. ఆ మేలిరాళ్ల కీర్తియే ఓరుగల్లునకు ముప్పు తెచ్చెను.

1303లో అల్లాఉద్దీన్ ఖిల్జీ పంపిన సేన ఓడి మరలిపోయెను. 1310లో మాలిక్ కాఫూర్ వచ్చి మట్టికోటను గెలిచి, రాతికోటను ముట్టడించెను. కోటలోని ప్రజలకై రాజు సంధి కోరెను. ధనమును, ఏనుగులను, గుఱ్ఱములను సమర్పించెను. లొంగుబాటునకు గుర్తుగా తన రూపముతో బంగారు ప్రతిమను చేయించి, దాని మెడలో బంగారు గొలుసు వేసి పంపెనని అమీర్ ఖుస్రో వ్రాసెను. వేయి ఒంటెలు మోసిన ఆ ధనములో సాటిలేని మణి యొకటి యుండెననియు ఆతడే వ్రాసెను. అదియే కోహినూరని పలువురు చెప్పుదురు గాని, అందుకు నిలువదగిన ఆధారము లేదు.

ఇదే ప్రభువు ఆస్థానమున విద్యానాథుడు ‘ప్రతాపరుద్ర యశోభూషణము’ అను అలంకారశాస్త్రమును రచించెను. అలంకారమనగా నగ, కావ్యశోభయు నదియే. లక్షణమునకు లక్ష్యమైన ప్రతి శ్లోకమునను రాజు అజేయుడు. చరిత్ర యట్లు పలుకదు. కవి మాటలలో కొంత పూత యున్నదని విద్యార్థి గ్రహింపవలెను. అయినను పూత తొలగినచోట వట్టి వెండియే మిగులలేదు. అడవులు నరికించి, సీమలో క్రొత్త గ్రామములు నెలకొల్పినవాడని కైఫీయతులు ఆతనిని నేటికిని తలచుచున్నవి.

కప్పము నిలిచిపోగా 1318లో ఢిల్లీ సేన మరల వచ్చెను. 1323లో ఉలూఘ్ ఖాన్ కోటను పట్టుకొని, రాజును బందీగా ఢిల్లీకి పంపెను. త్రోవలో నర్మదా తీరమున ఆతడు మరణించెనని ప్రోలయనాయకుని విలస శాసనము తెలుపుచున్నది. స్వేచ్ఛచేతనే దేవలోకమున కేగెనని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనము పలుకుచున్నది.

గొలుసు వేసిన బంగారు ప్రతిమ శత్రువు వశమయ్యెను. ఆ రూపము గల మనుష్యుడు మాత్రము ఢిల్లీ కొలువున నిలువలేదు. గీటురాయిపై నిలిచినది ఇదియే.