లెక్కల మాష్టారు గీసిన బొమ్మలు

ఆలిస్ కథని సినిమాగానో, హైస్కూలు ఇంగ్లీషు నాన్‌డిటైల్డుగానో ఎరగనివాళ్లు మనలో తక్కువ. దాన్ని రాసిన లూయిస్ కారోల్ లెక్కల లెక్చరరనీ, లైబ్రరీలో కూడా పనిచేశాడనీ, ఆ కథకి మొదట బొమ్మలు గీసింది ఆయనేననీ తెలిసినవాళ్లు మాత్రం ఎక్కువమంది ఉండరు. మార్కులు పోతాయేమోనని కథల పుస్తకాన్ని రికార్డు కింద దాచుకుని చదివే నాబోటి సైన్సు విద్యార్థులకి ఈయన జీవితం తెలుసుకోదగ్గది.

అసలు పేరు చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్. 1832 జనవరి 27న ఇంగ్లండులోని డేర్స్‌బరీ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. పదకొండుమంది సంతానంలో ఈయన మూడోవాడు, మగపిల్లల్లో పెద్దవాడు. తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఇంట్లోనే చేతివ్రాత పత్రికలు నడిపి, బొమ్మలూ తనే వేసేవాడు. మాట నత్తి, కుడి చెవి సరిగా వినపడదు.

1851లో ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చి కాలేజీకి వెళ్లిన రెండు రోజులకే తల్లి పోయింది. 1854లో గణితంలో ఫస్టు క్లాసు వచ్చింది. మరుసటి ఏడు ఆ కాలేజీ లైబ్రరీలోనే ఏడాదికి 35 పౌన్ల మీద సబ్ లైబ్రేరియన్‌గా చేరాడు. దాంతోపాటే లెక్కల పాఠాలు. లైబ్రరీ పని 1857 దాకా చేశాడు. అక్కడ ఆయన గది కిటికీలోంచి కాలేజీ అధిపతి డీన్ లిడెల్ గారి తోట కనిపించేది. ఆ ఇంటి పిల్లల్లో ఒకమ్మాయే ఆలిస్. 1856లో కెమెరా కొని, ఫొటోలు తీయడానికి ఆ తోటలోకి వెళ్లినప్పుడు పిల్లలతో పరిచయమైంది. కలం పేరు పెట్టుకున్నదీ ఆ ఏడే. తన పేరుని లాటిన్‌లోకి మార్చి, తిరగేసి, మళ్లీ ఇంగ్లీషులోకి తెచ్చాడు. లెక్కలవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది!

1862 జులై 4న మిత్రుడు డక్‌వర్త్‌తో కలిసి ముగ్గురు అక్కచెల్లెళ్లని థేమ్స్ నది మీద పడవ షికారు తీసుకెళ్తూ ఈ కథ అల్లి చెప్పాడు. (పడవ అనగానే, మన జిల్లాలో 1935లో పాతూరి నాగభూషణం గారు కాలవ మీద నడిపిన పడవ గ్రంథాలయం గుర్తొస్తుంది నాకు.) పదేళ్ల ఆలిస్ కథని రాసిపెట్టమని పట్టుబట్టింది. 1863 ఫిబ్రవరికల్లా రాయడం పూర్తయింది. బొమ్మలకే మరో ఏడాదిన్నర పైగా పట్టింది. క్లాసులకి పోగా మిగిలిన వేళల్లో, జంతుశాస్త్రం పుస్తకం ఎరువు తెచ్చుకుని మరీ 37 బొమ్మలు గీశాడు.

ఈ మధ్యలో, 1863 జూన్‌లో, లిడెల్ కుటుంబంతో ఎడం వచ్చింది. ఎందుకో చెప్పవలసిన డైరీ పేజీ కోసేసి ఉంది. పిల్లలతో ఆయన స్నేహాన్ని ఈనాటి పరిశోధకుల్లో అనుమానించేవారూ ఉన్నారు, సమర్థించేవారూ ఉన్నారు. ఆ తగువు తీర్చడం నా తరం కాదు. మునుపటి రాకపోకలు లేకపోయినా ఇచ్చిన మాట కోసం బొమ్మలు పూర్తిచేసి, 1864 నవంబరు 26న 90 పేజీల వ్రాతప్రతిని ఆలిస్‌కి అందజేశాడు.

అచ్చు వేయించేటప్పుడు మాత్రం తన గీత చాలదని తనే తేల్చుకుని 'పంచ్' పత్రిక చిత్రకారుడు జాన్ టెనియల్ చేత 42 బొమ్మలు వేయించాడు. ఖర్చంతా తనదే. 1865లో 2,000 ప్రతులు అచ్చయ్యాక, బొమ్మలు సరిగా పడలేదని టెనియల్ అన్నాడు. అంతే, ఆ ప్రతులన్నీ ఆపేసి మళ్లీ అచ్చు వేయించాడు. మా చిలకలూరిపేట వైపు కళ్లంలో తాలుకాయ ఏరేటప్పుడు బస్తాలు తగ్గుతున్నాయని ప్రాణం ఉసూరుమంటుంది గాని, ఏరకుండా ఎవరూ యార్డుకి తోలరు. అయితే మొత్తం పంటని పక్కన పెట్టగల గుండె ఎందరికుంటుంది? అప్పటికాయన పేరున్న రచయిత కూడా కాదు.

కథల మూలంగా లెక్కలు చెడలేదు. మనం కుస్తీపట్టే డిటర్మినెంట్లని చిన్నవి చేసుకుంటూ పోయి విలువ కట్టే పద్ధతిని 1866లో ప్రకటించాడు. 1980 తరువాత గణితజ్ఞులు ఆ దారినే పోయి ఒక కొత్తరకం మాత్రికల్ని కనుక్కున్నారు. 1871లో ఆలిస్ రెండో కథ వచ్చింది. 1881లో లెక్చరరు పని మానుకున్నాడు. 1898 జనవరి 14న గిల్‌ఫర్డులో కన్నుమూశాడు. పెళ్లి చేసుకోలేదు.

భర్త పోయాక, 1928లో, వృద్ధురాలైన ఆలిస్ ఆ వ్రాతప్రతిని వేలానికి పెడితే 15,400 పౌన్లు పలికింది. అది అమెరికా వెళ్లి, 1948లో తిరిగి ఇంగ్లండు చేరింది. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. చివరి పేజీలో డాడ్జ్‌సన్ అతికించిన ఆలిస్ ఫొటో ఉంటుంది. దాని కింద ఆయన చేత్తో గీసిన ఆలిస్ బొమ్మ దాగి ఉందని 1977లో గాని ఎవరికీ తెలియలేదు.