ఫ్లారెన్స్ నైటింగేల్ – మూడు బేసిన్ల నీళ్ళు

మా నాన్నగారు హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఇస్త్రీ చొక్కా లేకుండా వీధి గుమ్మంలోకి కూడా వచ్చేవారు కాదు. మా దగ్గర కొన్నాళ్ళు ఉందామని సింగపూరు వచ్చినప్పుడు ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి బెడోక్‌లోని మా ఫ్లాటుకి తీసుకొచ్చిన మర్నాడు ఒక నర్సు ఇంటికి వచ్చి, మంచంలో ఉన్న మనిషికి స్నానం ఎలా చేయించాలో నాకూ మా ఆవిడకూ చూపించింది. ఒళ్ళంతా దుప్పటి కప్పి ఉంచి, ఒక్కొక్క భాగమే బయటికి తీసి, తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ కప్పేసింది. నీళ్ళ వేడి తన మణికట్టు మీద చూసుకుంది. కళ్ళు ముక్కువైపు నుంచి బయటికి తుడిచింది. నడుము కింద తుడిచే ముందు నీళ్ళు మార్చింది. అంతసేపూ నాన్నగారు కళ్ళు మూసుకునే ఉన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఏ పని అయినా పుస్తకం చూసి నేర్చుకోవడం నా అలవాటు. అలా వెతుకుతుంటే ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో రాసిన నర్సింగ్ పుస్తకం దొరికింది. చేతిలో దీపం పట్టుకున్న ఆమె బొమ్మని మీలాగే నేనూ స్కూలు పాఠంలో చూశాను. ఆ పాఠంలో లేని సంగతులు కొన్ని ఈ సంచిక చదువుతున్న మీతో పంచుకోవాలనిపించింది.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో పుట్టింది. అందుకే ఆ పేరు. తల్లిదండ్రులు బాగా ఆస్తిపాస్తులున్న ఇంగ్లీషువాళ్ళు. తండ్రే ఇంట్లో గ్రీకు, లాటిన్, చరిత్ర చెప్పాడు. ఆమెకి మాత్రం లెక్కలంటే ప్రాణం. ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ళ వయసులో ఆసుపత్రిలో చేరి రోగుల సేవ నేర్చుకుంటానంటే ఇంట్లో గొడవైపోయింది. ఆ రోజుల్లో నర్సు అంటే వేరే ఏ పనీ దొరకని మనిషి అనీ, తాగుబోతు అనీ లోకం అనుకునేది. పరాయివాళ్ళ ఒళ్ళు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం మన ఇంటి ఆడపిల్ల చేసే పనా అన్నది తల్లి బాధ, అక్క బాధ. ఆ బాధ మనకి కొత్తదేమీ కాదు లెండి. ఆ పనులు ఎవరు చేయాలో మన ఊళ్ళలో పుట్టుకతోనే తేల్చేసేవారు.

ఆమె కొన్నేళ్ళు ఓపిక పట్టి, 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలలు ఉండి పని నేర్చుకుంది. 1853లో లండన్ హార్లీ స్ట్రీట్‌లో జబ్బుపడిన స్త్రీల కోసం నడిచే చిన్న ఆసుపత్రి బాధ్యత చేతికొచ్చింది. అక్కడ ఆమె అడిగినవి ప్రతి అంతస్తుకీ వేడినీళ్ళు వచ్చే గొట్టాలు, భోజనం పైకి పంపే చిన్న లిఫ్టు. నర్సు మెట్లెక్కి దిగుతూ ఉంటే రోగి దగ్గర ఉండేదెవరు అన్నది ఆమె లెక్క. ఇంజనీరుగా ఆమె మీద నాకు గౌరవం మొదలైంది ఇక్కడే.

1854 నవంబరులో, క్రిమియా యుద్ధకాలంలో, 38 మంది నర్సులతో ఇస్తాంబుల్ ఎదుటి ఒడ్డున ఉన్న స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. మిలిటరీ డాక్టర్లు మొదట వాళ్ళని రోగుల్ని ముట్టుకోనివ్వలేదు. గాయపడినవాళ్ళు ఓడలనిండా వచ్చిపడ్డాక తప్పక పిలిచారు. సైనికులు పేలుపట్టిన బట్టలతో, వారాల తరబడి ఒంటికి నీళ్ళు తగలక పడి ఉన్నారు. బేసిన్లు లేవు, సబ్బు లేదు, తువ్వాళ్ళు లేవు. పత్రిక చందాల డబ్బుతో ఆమె అవన్నీ కొనిపించింది. ఒక ఇల్లు అద్దెకి తీసుకుని, అందులో బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యలకి జీతమిచ్చి బట్టలు ఉతికించింది.

ఇంత చేసినా ఆ చలికాలంలో మరణాలు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది పోయారని లెక్క. ఆసుపత్రి కట్టడం కిందే మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుధ్య సంఘం వాటిని కడిగించి, గోడలకి సున్నం వేయించి, గాలి వచ్చే ఏర్పాటు చేశాక, జూను నాటికి మరణాలు నూటికి రెండుకు వచ్చాయి. తిరిగొచ్చాక విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కలిసి ఈ అంకెలు చూసినప్పుడే, తను రాత్రింబగళ్ళు సేవచేసిన మనుషుల్ని ఏది చంపిందో ఆమెకి పూర్తిగా తెలిసిందనీ, ఆ దిగులు ఆమెను జీవితాంతం వదల్లేదనీ కొందరు చరిత్రకారులు అంటారు. ఆమె 1858లో గీసిన ఆ మరణాల చక్రాల బొమ్మ డేటా గ్రాఫుల చరిత్రలో ఇవాళ్టికీ చూపిస్తారు.

ఆ మరుసటేడు వచ్చిందే నేను చదివిన పుస్తకం. నర్సుల కోసం కాదు, ఇంట్లో మనిషిని చూసుకునే ఆడవాళ్ళ కోసం రాసింది. మగవాడినైనా నాకూ పనికొచ్చింది. ఒంటి శుభ్రత మీద అందులో ఒక అధ్యాయం ఉంది. అందులో ఒక చిన్న ప్రయోగం చెబుతుంది. సబ్బు లేకుండా చన్నీళ్ళతో ఒకసారి, సబ్బుతో చన్నీళ్ళతో ఒకసారి, సబ్బుతో వేణ్ణీళ్ళతో ఒకసారి కడిగి, మూడు బేసిన్లలో నీళ్ళు ఎంత మురికిగా ఉన్నాయో పోల్చి చూడమంటుంది. నేను నిజంగానే మా వంటింట్లో నా చేతులతో చేసి చూశాను. మూడో బేసిన్ చూశాక ఎవరికీ వేరే వివరణ అక్కర్లేదు. రోగం చెడుగాలి వల్ల వస్తుందని ఆమె నమ్మకం, అది తప్పని తర్వాత తేలింది. కానీ చేయమన్న పని సరైనదే. మా రంగంలోనూ ఇలా జరుగుతుంటుంది.

అదే పుస్తకంలో, రోగికి పడకపుండు పడితే తప్పు సాధారణంగా జబ్బుది కాదు, చూసుకునేవారిది అని తేల్చేసింది. అది చదివిన వారంలోనే నాన్నగారి కుడి మడమ మీద ఎర్రటి మచ్చ కనబడింది. ఒత్తితే తెల్లబడటం లేదు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని నర్సు కాగితం మీద రాసి ఇచ్చింది, నేను రాత్రిళ్ళు నిద్రపోయాను. పిక్క కింద దిండు పెట్టి మడమని గాల్లో ఉంచమంది, ఆ మచ్చని రుద్దొద్దంది. తగ్గడానికి చాలా రోజులు పట్టింది. అప్పటినుంచి స్నానం నేనే చేయించాను. స్నానం చేయిస్తే తప్ప మడమలు, నడుము కింది ఎముక, తొడల మడతలు రోజూ చూసే వీలే ఉండదు.

1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరున నర్సుల బడి మొదలైంది. అక్కడి శిక్షణార్థులు నేర్చుకోవాల్సిన పనుల జాబితాలో కదలలేని రోగిని తిప్పడం, బట్టలు మార్చడం, ఒళ్ళు శుభ్రం చేయడం, తినిపించడం, పడకపుండ్లు రాకుండా చూడడం అన్నీ విడివిడిగా రాసి ఉన్నాయి. ఎవరికీ పట్టని పనులు శ్రద్ధగా నేర్పే విద్య అయ్యాయి. సింగపూరులో ఫ్రెంచి కాన్వెంటు సన్యాసినులు జనరల్ ఆసుపత్రిలో నర్సింగ్ మొదలుపెట్టింది 1885 ఆగస్టు 1న. ఇక్కడ నర్సుల దినం ఆ రోజే జరుపుతారు.

మన వాళ్ళకి నచ్చే సంగతి ఒకటి. ఆమె ఇండియాకి ఎన్నడూ రాలేదు. అయినా 1863 నుంచీ ఇండియాలో ఆరోగ్యం గురించి నివేదికలు రాస్తూనే ఉంది. 1876–78 కరువు తర్వాత మద్రాసు రాజధానికి కాలువలు కావాలని వాదించింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మన కాటన్ దొర ఆమెకి స్నేహితుడు, ఉత్తరాలు నడిచేవి. మురుగు పోవాలి, మంచినీళ్ళు రావాలి అన్నది ఆమెకి వార్డులోనైనా జిల్లాలోనైనా ఒకటే పని.

చాలామందికి తెలియనిది, ఆమె స్వయంగా దీర్ఘరోగి. క్రిమియాలో పట్టుకున్న జ్వరం వల్ల 1857 నుంచి చాలా ఏళ్ళు మంచం మీదే ఉండి పనిచేసింది. చివరికి చూపు కూడా పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందిన మొదటి స్త్రీ అయ్యేనాటికి తన పనులు తను చేసుకోలేని స్థితి. తన్ను చూసుకునే నర్సు దుప్పటి సర్ది వెళ్ళగానే ఆమె లేచి పక్కగదిలోకి వెళ్ళి ఆ నర్సుకి దుప్పటి సర్దేదని చెబుతారు. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

నాన్నగారు ఆ తర్వాత ఏడాదిన్నర ఉన్నారు. ఒకరోజు నేను ముఖం తుడవబోతుంటే ఎడంచెయ్యి చాపారు. తువ్వాలు పిండి ఇచ్చాను. తనే తుడుచుకున్నారు, మెడ వెనక మాత్రం నన్ను తుడవమన్నారు.