ఇంజిన్ గుట్టు తెలిసిన ఇల్లాలు

పద్నాలుగేళ్ల ఆడపిల్ల చేతిలో నాలుగు డబ్బులుంటే ఏం కొనుక్కుంటుంది? రిబ్బన్లో, గాజులో, మహా అయితే ఓ మంచి గౌనో! బియాట్రిస్ షిల్లింగ్ మాత్రం మోటార్‌సైకిల్ కొనుక్కుంది. అదీ మనకందరికీ తెలిసిన రాయల్ ఎన్‌ఫీల్డే. నడపడంతో సరిపెట్టుకుందా అంటే అదీ లేదు. ఇంజిన్‌ను విప్పడం, ఏ ముక్క ఏం చేస్తుందో చూడటం, మళ్లీ బిగించడం... అదే ఆమెకు ఆట.

విప్పి చూసే ఆ అలవాటు పెద్దయ్యాక కూడా పోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధ విమానాల ఇంజిన్లను ఏడిపించిన ఓ చిక్కును తీర్చింది. యుద్ధం ముగిశాక ఇంటి దగ్గర భర్తతో కలిసి స్పోర్ట్స్ కారును రేసులకు సిద్ధం చేయించింది. యాభై ఏళ్లు దాటిన వయసులోనూ ఆమె చేతికి గ్రీజు అంటుతూనే ఉంది.

బొమ్మలొద్దు, పనిముట్లు చాలు

బియాట్రిస్ 1909 మార్చి 8న ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్ జిల్లా వాటర్‌లూవిల్‌లో పుట్టింది. తండ్రిది మాంసం వ్యాపారం. చిన్నప్పటి నుంచి చేతిఖర్చు డబ్బులన్నీ చాకులకూ, జిగురుకూ, పనిముట్లకే పోసేది. ఇనప ముక్కలు బిగించి బొమ్మలు చేసే మెకానో పోటీలో రాట్నం తయారుచేసి బహుమతి కూడా కొట్టేసింది.

చదువయ్యాక మార్గరెట్ పార్ట్రిడ్జ్ అనే మహిళా ఇంజినీరు దగ్గర పనికి కుదిరింది. ఊళ్లకు కరెంటు ఇచ్చే సంస్థ ఆవిడది. అక్కడ మూడేళ్లపాటు బియాట్రిస్ ఇళ్లకు వైరింగ్ చేసింది, జనరేటర్లు బిగించింది. ఈ పిల్ల ఇక్కడితో ఆగేది కాదని కనిపెట్టిన మార్గరెట్, ఇంజినీరింగ్ చదవమని పట్టుబట్టి పంపింది. ఒక ఆడది ఎదిగి ఇంకో ఆడపిల్లకు చెయ్యి అందించడమంటే ఇదే కదా!

మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ తరగతిలో ఆడపిల్లలు ఇద్దరే ఇద్దరు. 1932లో డిగ్రీ, మరుసటి ఏడాది మెకానికల్ ఇంజినీరింగ్‌లో ఎమ్మెస్సీ చేతికొచ్చాయి. తరువాత బర్మింగ్‌హామ్‌లో సూపర్‌చార్జర్ల మీద పరిశోధనలో సహాయకురాలిగా చేరింది. సూపర్‌చార్జర్ అంటే మరేం కాదు. పొయ్యిలో గొట్టంతో ఊదితే మంట ఎలా ఎగుస్తుందో, ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా నెడితే దాని బలం అలా పెరుగుతుంది.

పెళ్లికి ఓ షరతు

లండన్‌కు దగ్గర్లో బ్రూక్‌లాండ్స్ అనే రేసు ట్రాక్ ఉండేది. 1907లో కాంక్రీటుతో కట్టారు. మలుపుల దగ్గర గోడలా లేచే వాలు, ఎగుడుదిగుడు నేల. దాని మీద గంటకు వంద మైళ్లకు పైగా వేగంతో ఒక చుట్టు తిరిగిన మోటార్‌సైకిల్ రేసరుకు బంగారు నక్షత్రం ఇచ్చేవారు. 1934లో బియాట్రిస్ తన నార్టన్ బండి మీద 106 మైళ్ల వేగం అందుకుంది. అంటే గంటకు 170 కిలోమీటర్లు! ఆ ట్రాక్ చరిత్ర మొత్తంలో మోటార్‌సైకిల్ మీద ఆ నక్షత్రం సంపాదించిన ఆడవాళ్లు ముగ్గురే. ఆ బండికి కావలసిన మార్పులన్నీ ఎవరో మెకానిక్‌కు అప్పజెప్పలేదు. స్వయంగా చేసుకుంది.

1936లో ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. అక్కడే జార్జి నేలర్ పరిచయమయ్యాడు. బ్రూక్‌లాండ్స్‌లో నువ్వు కూడా బంగారు నక్షత్రం తెచ్చుకుంటేనే పెళ్లి అని ఆమె షరతు పెట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట నిజమో కాదో గానీ, జార్జి నక్షత్రమూ తెచ్చుకున్నాడు, 1938లో పెళ్లీ అయింది.

పెళ్లయిన ఆడవాళ్లు ప్రభుత్వోద్యోగం మానెయ్యాలన్న నిబంధన బ్రిటన్‌లో 1946 దాకా ఉండేది. ప్రత్యేక అనుమతి దొరికిన కొందరే నిలబడేవారు. ఒకే పని చేసినా ఆడవాళ్లకు జీతం తక్కువ. సమాన వేతనం 1955లో మొదలై, పూర్తిగా అమలు కావడానికి 1961 దాకా పట్టింది. అటువంటి రోజుల్లో బియాట్రిస్ తన కుర్చీ వదల్లేదు.

ముక్కు దించితే చాలు...

1940లో ఆకాశంలో యుద్ధం ముదిరింది. స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల్లో ఉండేది రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజిన్. బలానికి తిరుగులేదు. కానీ పైలట్ ఉన్నట్టుండి ముక్కు కిందికి దించి దూకితే, ఇంజిన్ దగ్గి ఆగిపోయేది! జర్మన్ విమానాలకు ఈ బాధ లేదు. వాటిలో పెట్రోలును పంపే నేరుగా ఇంజిన్‌లోకి చిమ్మేది. అందుకే వాళ్లు చటుక్కున కిందికి దూకి తప్పించుకునేవారు. వెంటాడాలంటే మన కథలోని ఇంగ్లిష్ పైలట్ ముందు విమానాన్ని తలకిందులు చేసి అప్పుడు దూకాలి. ఆ కాసేపట్లో శత్రువు చేజారేవాడు. లేదా వెనక్కి తిరిగి వచ్చేవాడు.

లోపం ఎక్కడ? కార్బురేటర్లో. మొండికేసిన బజాజ్ స్కూటర్‌ను పక్కకు వంచి స్టార్ట్ చేయడం మనలో చాలామంది చూసే ఉంటారు. వంచితే లోపల పెట్రోలు కదులుతుంది. విమానం ఒక్కసారిగా ముక్కు దించినా అంతే. కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు పైకి ఎగసిపోతుంది. క్షణంపాటు ఇంజిన్‌కు పెట్రోలు అందదు. అసలు ప్రమాదం ఆ తరువాతది. గిన్నె ఖాళీ అయిందనుకుని లోపలి తేలు బుడ్డి తలుపు పూర్తిగా తెరుస్తుంది. పంపు పెట్రోలును కుమ్మరిస్తుంది. ఇంజిన్ ముంపుకు గురై చచ్చిపోతుంది.

అందరూ పెట్రోలు అందడం లేదనే కోణంలో చూస్తుంటే, బియాట్రిస్ మరీ ఎక్కువైపోతోందన్న సంగతి మీద పట్టుబట్టింది. ఆమె చేసిన మందు ఏమిటో తెలుసా? మధ్యలో రంధ్రం ఉన్న ఓ చిన్న లోహపు బిళ్ల! మన కుళాయి వాషర్ లాంటిదే. ఇంజిన్ పూర్తి శక్తితో తిరిగేటప్పుడు ఎంత పెట్రోలు కావాలో లెక్కగట్టి, అంతే పోయేలా రంధ్రం వేయించింది. ఇక ఎంత తలుపు తెరుచుకున్నా ముంపు లేదు. పైగా దాన్ని బిగించడానికి విమానాన్ని ఫ్యాక్టరీకి పంపక్కర్లేదు.

1941 మొదట్లో చిన్న బృందాన్ని వెంటబెట్టుకుని ఆమె ఒక్కో విమాన స్థావరానికీ వెళ్లి ఆ బిళ్లలు బిగించి వచ్చింది. ప్రయాణం ఎందుమీద? తన నార్టన్ మీదే! జబ్బు పూర్తిగా నయం కాలేదు, ఎక్కువసేపు తలకిందులుగా ఎగరడం కుదిరేది కాదు. అయినా 1943లో కొత్తరకం కార్బురేటర్లు వచ్చేదాకా ఆ బిళ్లే ఆదుకుంది.

పైలట్లు దానికి ఆమె పేరే పెట్టారు, కాస్త కొంటెగా. చిత్రమేమిటంటే అప్పటికామె శ్రీమతి నేలర్. అయినా ఆ బిళ్ల పేరులో మిస్ షిల్లింగ్‌గానే మిగిలిపోయింది. యుద్ధంలో జార్జి కూడా బాంబర్ పైలట్‌గా వెళ్లి, క్షేమంగా తిరిగొచ్చాడు. యుద్ధానంతరం ప్రభుత్వం ఆమెను ఓబీఈ బిరుదుతో గౌరవించింది.

కాపురంలో కారు

యుద్ధం తరువాత బ్రూక్‌లాండ్స్ రేసులు మళ్లీ మొదలు కాలేదు. ఆలుమగలు రెండు చక్రాల నుంచి నాలుగు చక్రాలకు మారారు. 1959 నుంచి 1962 వరకు వాళ్లు రేసుల్లో దింపింది ఆస్టిన్ హీలీ సెబ్రింగ్ స్ప్రైట్.

స్ప్రైట్ 1958లో వచ్చిన బుల్లి స్పోర్ట్స్ కారు. కప్ప కళ్లలా ముందుకు పొడుచుకొచ్చిన దీపాలు. లోపల ఉన్నదేమో ఇంటిల్లిపాదీ తిరిగే చిన్న ఆస్టిన్ కారు ఇంజిన్, 948 సీసీ! అంటే మన మారుతీ 800 కన్నా కాస్త పెద్దది. దానికి రెండు కార్బురేటర్లు. అవి ఏ కంపెనీవో తెలుసా? మెర్లిన్ ఇంజిన్‌కు కార్బురేటర్లు చేసిన ఎస్‌యూ కంపెనీవే. ఒకప్పుడు విమానంలో మొండికేసిన వంశం, ఇప్పుడు ఇంటి ముందుకొచ్చి నిలబడిందన్నమాట.

ఆ కారుకు ఆలుమగలిద్దరూ చాలా మార్పులు చేశారు. పాత కారును గట్టిపరిచే పనిలో అనుభవం నేర్పే పాఠాలు రెండున్నాయి. వేగం పెంచితే ఆపే శక్తి కూడా పెంచాలి. అందుకే సెబ్రింగ్ రకం స్ప్రైట్‌కు ముందు చక్రాల్లో డిస్క్ బ్రేకులు ఉండేవి. రెండోది, బలం పెరిగితే వేడీ పెరుగుతుంది. చిన్న వంటింట్లో పెద్ద పొయ్యి పెడితే కిటికీ కూడా పెద్దది కావాలి కదా! నేలర్ దంపతుల కారు చాలాసార్లు మూడో స్థానంలో, ఒకసారి మొదటి స్థానంలో నిలిచింది.

ఆ అనుభవం ఊరికే పోలేదు. అమెరికన్ రేసరు డాన్ గర్నీ తన ఈగిల్ కారును 1966లో నాలుగు సిలిండర్ల ఇంజిన్‌తో నడిపి, ఆ ఏడాదే పన్నెండు సిలిండర్ల ఇంజిన్‌కు మార్చాడు. ఇంజిన్ మార్చిన కారుకు తలనొప్పులు తప్పవు. 1967లో ఆ కారు వేడెక్కిపోతుంటే, సలహా కోసం పిలిచింది ఎవరినో తెలుసా? యాభై ఎనిమిదేళ్ల బియాట్రిస్‌ను!

పేరు మిగిలింది

1969లో ఆమె ఉద్యోగ విరమణ చేసింది. తడిసిన రన్‌వే మీద విమానం జారకుండా ఆపడం ఎలాగన్నది కూడా ఆమె పరిశోధించిన విషయాల్లో ఒకటి. సర్రే విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1990 నవంబరులో, 81వ ఏట కన్నుమూసింది. ఇవాళ లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే కళాశాలలో ఎలక్ట్రానిక్ ఇంజినీరింగ్ భవనానికి ఆమె పేరే ఉంది.

మనలో ఎందరికి విమానాలతో పని పడుతుంది, ఎందరు రేసు కార్లు బాగుచేస్తారు అంటారా? నిజమే. కానీ మిక్సీ ఆగినా, స్కూటీ మొరాయించినా, ఇది నాకు తెలియని పని అని పక్కకు తప్పుకోకుండా, ఎందుకాగిందని ఒక్క ప్రశ్న వేసుకోవచ్చు. ఇంట్లో ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకుంటే, చేతులు పాడవుతాయని లాక్కోకుండా ఉండొచ్చు. బియాట్రిస్ కథ మొదలైంది అక్కడే.