బస్తరు రాజ్యస్థాపకుడు అన్నమదేవుడు

క్రీ.శ. 1703వ సంవత్సరమున బస్తరు ప్రభువైన దిక్పాలదేవుడు సకుటుంబముగ దంతేవాడకు యాత్ర వెడలి దంతేశ్వరీదేవిని సేవించెను. ఆనాడు బలియిచ్చిన దున్నపోతుల, మేకల నెత్తుటిచే శంఖినీనది ఐదు దినములు ఎఱ్ఱబాఱినదని ఆ సందర్భమున చెక్కించిన శిలాశాసనము వర్ణించుచున్నది. శాసనకర్త మైథిల బ్రాహ్మణుడైన భగవానుమిశ్రుడు. ఆయన దానిని మొదట సంస్కృతమున రచించి, కలియుగమున సంస్కృతము చదువగలవారు అరుదగుదురని తలంచి, ఆ విషయమునే వేఱొక రాతిపై దేశభాషలో వ్రాసెను. రాయ్ బహద్దర్ హీరాలాల్ ఈ జంటశాసనమును ఎపిగ్రాఫియా ఇండికా పండ్రెండవ సంపుటమున ప్రకటించెను. రెండవ రాతిని ఛత్తీస్‌గఢీ గద్యమునకు ప్రాచీనోదాహరణముగ హిందీ పండితులు ఆదరింతురు. తెలుగువారికి అందు ముఖ్యమైన విషయము వేఱొకటి. దిక్పాలుని వంశమునకు మూలపురుషుడు ఓరుగల్లు నేలిన కాకతి ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమరాజని ఆ శాసనము చెప్పుచున్నది. బస్తరు ప్రజలు అన్నమదేవుడని తలంచుకొను మహాపురుషు డితడే.

1323లో ఉలూఘ్‌ఖాను ఓరుగల్లు కోటను పట్టుకొనెను. బందీయై ఢిల్లీకి కొనిపోబడుచున్న ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున మరణించెనని ప్రోలయనాయకుని విలస తామ్రశాసనమువలన తెలియుచున్నది. ఆ విపత్తున అన్నమదేవుడు కొలది పరివారముతో గోదావరి దాటి ఉత్తరమునకు పోయెననియు, ముందుగ భోపాలపట్నము ప్రాంతమును వశపఱచుకొని క్రమముగ బారసూరు, దంతేవాడల నాక్రమించెననియు బస్తరు సంప్రదాయము. అచ్చటి వంశావళులు అతని పాలనారంభమును 1324గ చెప్పును.

ఆ సీమ అతనికి పూర్తిగ పరాయిది కాదు. అది నాగవంశీయు లేలిన చక్రకోట రాజ్యము. మొదటి కులోత్తుంగచోళుడు యౌవనమున పరాక్రమము చూపినది అచ్చటనే. బారసూరు శిథిలాలయములు నేటికిని నాగరాజుల వైభవమును చాటుచున్నవి. వారి శాసనములలో ఇంద్రావతికి దక్షిణమున దొరకినవానియందు తెలుగు లిపియు భాషయు కనవచ్చును. కావున అన్నమదేవునితోనే తెలుగు బస్తరున ప్రవేశించె ననుట సరికాదు. అతడు తెలుగు నడచిన త్రోవనే నడచెను.

అతనిగూర్చి జనులు చెప్పుకొను గాథ మిక్కిలి ప్రసిద్ధము. ఇలవేల్పైన దేవి ప్రసన్నురాలై, అతడు ముందు నడచుచుండ తాను వెనువెంట వత్తుననియు, అతడు నడచినంత నేల అతనిదగుననియు వరమిచ్చినది. వెనుదిరిగి చూడరాదని మాత్రము కట్టడి చేసినది. అందెల రవమే గుర్తుగ అతడు బహుదూరము నడచెను. శంఖినీ డంకినీ నదుల సంగమమున అమ్మవారి పాదములు ఇసుకలో దిగబడి అందెల చప్పుడు ఆగినది. అతడు శంకించి వెనుకకు చూచెను. దేవి అచ్చటనే నిలిచిపోయినది. ఆ స్థలమే దంతేవాడ. దేవి అనుగ్రహించిన వస్త్రమునుండి బస్తరను పేరు వచ్చెనను కథయు నొకటి కలదు గాని, అది పేరును చూచి అల్లినదే యని తోచును. అందెల గాథ అట్టిది కాదు. ఓడిన కులమునకు చెందిన యొకడు కూలిన రాజధానివైపు తిరిగి చూడకుండ ముందుకే సాగవలసివచ్చిన దుఃస్థితి అందు ప్రతిఫలించుచున్నది.

ఇక బంధుత్వమును విచారింపవలసియున్నది. దానిని చెప్పు శాసనము ఓరుగల్లు పతనమునకు 380 ఏండ్ల తరువాతిది. అన్నమరాజునకును దిక్పాలునకును నడుమ అది పేర్కొనినవారు ఎనమండుగురే. అనగా పదుగురు రాజులకు దాదాపు నాలుగు శతాబ్దులు! తండ్రి తరువాత కొడుకుగ ఇన్ని తరములు ఒక్కొక్కరు నలువదేండ్లకు సమీపముగ పాలించిరనుట నమ్మశక్యము కాదు. కొన్ని పేర్లు జాఱిపోయియుండవలెను, లేదా అన్నమరాజు కాలము తరువాతిదై యుండవలెను. వంశమును పాండవులతో కలిపిన మిశ్రపండితుని కలమునకు, ఒక కాకతీయ సామంతుని ప్రతాపరుద్రునికి తోబుట్టువుగ చేయుట అసాధ్యమును కాదు. ఈ కారణమున పెక్కుమంది చరిత్రకారులు ఈ వంశావళికి విలువ నీయరు.

ఐనను పేరును అంత సులువుగ త్రోసివేయ వీలులేదు. హమీర, భైరవ, పురుషోత్తమ, జయసింహ, నరసింహ, జగదీశ, వీరనారాయణ, వీరసింహ, దిక్పాల — ఇవన్నియు ఉత్తరాదిని గాని దేశమంతట గాని వినవచ్చు పేర్లు. మొదటిదొక్కటే అచ్చమైన తెలుగింటి పేరు. వంశగౌరవముకొఱకు పూర్వజుని కల్పింపదలచిన మైథిలపండితునకు అన్నమ యను పేరు తోచునా? ఆస్థానమున పరంపరగ చెప్పుకొనుచున్న పేరునే ఆయన గ్రహించియుండును. రాజకుమారుడో, ఓరుగల్లు కొలువులోని నాయకుడో, ఎవడైనను తెలుగువాడొకడు ఈ రాజ్యమునకు ఆదిపురుషుడనుట సమంజసము. అతని కుమారుని నాటికే పేరు మాఱినది. కాలక్రమమున కొలువు భాష హల్బీ యైనది. తెలుగు దక్షిణ బస్తరున గోదావరి ఒడ్డు గ్రామములలోను, దోర్లల నోటను నిలిచినది.

అన్నమదేవుని మరణమును గూర్చి విశేషగాథ లేదు. వంశీయులు రాజధానిని పలుమాఱులు మార్చిరి; పదునెనిమిదవ శతాబ్దమున దళపతిదేవుడు దానిని జగదల్పూరునకు చేర్చెను. పురుషవంశక్రమము 1921లో రుద్రప్రతాపదేవుని మరణముతో తెగినది. ఆయన కుమార్తె ప్రఫుల్లకుమారీదేవి గద్దె నెక్కి, మయూర్‌భంజ్ రాజకుటుంబపు ప్రఫుల్లచంద్ర భంజదేవుని వరించెను. అందుచే వారి కుమారుడు ప్రవీరచంద్రుని పేర భంజదేవ పదము చేరినది. నేటికిని దసరా ఉత్సవమునకు దంతేశ్వరి డోలీ దంతేవాడనుండి జగదల్పూరునకు వచ్చును. రాజవంశీయులు ఎదురేగి దానిని భుజముల మోసి తెత్తురు.