కొలిన్ చాప్‌మన్

ఆంథోనీ కొలిన్ బ్రూస్ చాప్‌మన్ (మే 19, 1928 - డిసెంబర్ 16, 1982) ఇంగ్లాండుకు చెందిన ఇంజనీరు, లోటస్ కార్ల సంస్థ స్థాపకుడు. ఇతని జట్టు ఫార్ములా వన్ పోటీలలో ఏడు సార్లు నిర్మాతల ఛాంపియన్‌షిప్‌ను గెలుచుకొన్నది. అయితే ఇతని వృత్తి జీవితం అమ్ముడుపోని ఒక పాత కారుతో మొదలైంది. తక్కువ ఖర్చుతో, చిన్న ఇంజనుతో పెద్ద కార్లకు దీటుగా పరుగెత్తే బండిని తయారుచేయడమెలాగో ఇతడు ఆ కారు మీదనే నేర్చుకొన్నాడు.

బాల్యం, విద్య

చాప్‌మన్ సర్రే ప్రాంతంలోని రిచ్‌మండ్‌లో జన్మించాడు. తండ్రి స్టాన్లీ ఉత్తర లండన్‌లోని హార్న్సీలో రైల్వే హోటల్‌ను నడిపేవాడు. కొలిన్ లండన్ యూనివర్శిటీ కళాశాలలో ఇంజనీరింగు చదువుతూ, విశ్వవిద్యాలయ వైమానిక దళంలో చేరి విమానం నడపడం నేర్చుకొన్నాడు. గణితం పరీక్షలో తప్పడం వలన పట్టా 1949లో గాని చేతికి రాలేదు. విమానాల నిర్మాణంలో ప్రతి ఔన్సు బరువుకూ లెక్క ఉంటుందన్న అవగాహన ఇతని కార్లన్నిటిలోనూ కనిపిస్తుంది.

పాత ఆస్టిన్ సెవెన్

విద్యార్థిగా ఉండగానే చాప్‌మన్ ఒక మిత్రునితో కలిసి పాత కార్ల వ్యాపారం చేశాడు. 1947లో ప్రభుత్వం సాధారణ వాహనదారులకు పెట్రోలు కోటాను రద్దు చేయడంతో పాత కార్లను కొనేవారు లేకపోయారు. ఉన్న కార్లను నష్టానికి అమ్ముకోగా, దాదాపు ఇరవై యేళ్ళ క్రితం నాటి ఒక ఆస్టిన్ సెవెన్ మాత్రం మిగిలిపోయింది. 747 సి.సి. ఇంజను గల ఈ చిన్న కారు అప్పటి ఇంగ్లాండులో చాలా చవక. దాని విడిభాగాలు ఎక్కడైనా దొరికేవి.

తన స్నేహితురాలు, తరువాత భార్య అయిన హేజెల్ విలియమ్స్ ఇంటి వెనుకనున్న చిన్న గ్యారేజీలో చాప్‌మన్ దానిని విప్పదీశాడు. ఆస్టిన్ చట్రం తేలికైనదే గాని, గతుకులలో మెలితిరిగేది. దానికి ఉక్కు జోడిస్తే బలం వస్తుంది, బరువూ పెరుగుతుంది. చాప్‌మన్ అలా చేయలేదు. పైనున్న పాత బాడీని తీసివేసి, అల్యూమినియం రేకు అతికించిన ప్లైవుడ్‌తో కొత్త బాడీని కట్టాడు. అడ్డుగోడలతో బిగించిన ఈ బాడీ చట్రానికి మోయవలసిన బరువు కాక, దాని బిగువులో భాగస్వామి అయింది. 1948లో ఈ కారును లోటస్ పేరుతో నమోదు చేయించి, కొండవాలు బురద దారులలో జరిగే ట్రయల్స్ పోటీలలో నడిపాడు. లోటస్ అనగా తామర పువ్వు. ఆ పేరు ఎందుకు పెట్టాడో ఇతడు ఎన్నడూ బయటపెట్టలేదు.

నియమాల చదువు

750 మోటార్ క్లబ్బు ఆస్టిన్ సెవెన్ భాగాలతో చవకగా పందెపు కార్లు తయారుచేసుకొనే ఔత్సాహికుల కొరకు పోటీలు నిర్వహించేది. 1951లో చాప్‌మన్ మార్క్ 3 కారుతో వీటిలో దిగాడు. ఆస్టిన్ ఇంజనులో నాలుగు సిలిండర్లకు రెండే ప్రవేశ ద్వారాలుంటాయి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు ఒకే ద్వారం నుండి పెట్రోలు మిశ్రమాన్ని పంచుకోవాలి. చాప్‌మన్ ద్వారం మధ్యలో పలుచని లోహపు తడిక పెట్టి దానిని రెండుగా విభజించాడు. నియమాలలో దీనిని నిషేధించే మాట లేదు. ఆ కారు పోటీదారులను చాలా వెనుకకు నెట్టడంతో క్లబ్బు నియమాన్నే మార్చవలసి వచ్చింది. నియమంలో రాసినదానికంటే రాయనిదానిని చదివే ఈ అలవాటు ఇతనిని చివరి వరకు వదలలేదు.

1952 జనవరి 1న తండ్రి హోటలు వెనుకనున్న పాత గుర్రపుశాలలో లోటస్ ఇంజనీరింగ్ కంపెనీ ప్రారంభమైంది. పెట్టుబడి హేజెల్ ఇచ్చిన 25 పౌండ్లు. కొనుగోలుదారులే బిగించుకొనేలా విడిభాగాలుగా అమ్మిన మార్క్ 6 ఈ సంస్థను నిలబెట్టింది.

లె మాన్స్

ఫ్రాన్సులో జరిగే లె మాన్స్ పోటీలో కార్లు 24 గంటలు ఏకధాటిగా పరుగెత్తాలి. తేలికైన కారుకు పెట్రోలు తక్కువ పడుతుంది, టైర్లు, బ్రేకులు నెమ్మదిగా అరుగుతాయి. చాప్‌మన్ పద్ధతికి ఇంతకంటే తగిన పరీక్ష లేదు. 1955లో ఇతడు రాన్ ఫ్లాక్‌హార్ట్‌తో కలిసి 1100 సి.సి. కారును నడిపాడు. దారి తప్పిన కారును అనుమతి లేకుండా వెనుకకు నడిపి దారిలోకి తెచ్చినందుకు అధికారులు అనర్హునిగా ప్రకటించారు. 1957లో అలిసన్, హాల్ నడిపిన 744 సి.సి. లోటస్ ఎలెవెన్ మొత్తం మీద 14వ స్థానంలో నిలిచినా, ఇంజను పరిమాణాన్ని బట్టి నిర్ణయించిన దూరంతో పోల్చి ఇచ్చే సామర్థ్య సూచిక బహుమతిని గెలుచుకొన్నది. మరొక ఎలెవెన్ 9వ స్థానం పొంది 1100 సి.సి. తరగతిలో నెగ్గింది.

1962లో కథ అడ్డం తిరిగింది. లోటస్ 23 ముందు చక్రాలకు నాలుగు, వెనుక చక్రాలకు ఆరు బోల్టులు ఉండడం వలన ఒకే స్పేరు చక్రం రెంటికీ సరిపోదని తనిఖీదారులు అభ్యంతరం చెప్పారు. వెనుక చక్రాలకూ నాలుగే ఉండే భాగాలను ఇంగ్లాండు నుండి విమానంలో తెప్పించగా, మొదట ఆరు అవసరమైనప్పుడు నాలుగు క్షేమం కాదని కారును తిరస్కరించారు. ఈ తర్కంలో న్యాయం తక్కువే. మళ్ళీ లె మాన్స్‌కు రానని చెప్పి వెళ్ళిన చాప్‌మన్ ఆ మాట నిలబెట్టుకొన్నాడు.

ఫార్ములా వన్, విమర్శలు

అదే 1962లో వచ్చిన లోటస్ 25కు విడిగా చట్రం లేదు, బాడీయే చట్రం. దీనితో జిమ్ క్లార్క్ 1963లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1978లో మారియో ఆండ్రెట్టి ఛాంపియన్ అయినది కారు కింద గాలి ప్రవాహాన్ని వాడుకొన్న లోటస్ 79తో.

తేలికదనానికి మూల్యం కూడా ఉన్నది. 1960లో బెల్జియంలో స్టిర్లింగ్ మాస్ కారు చక్రం ఊడి అతడు తీవ్రంగా గాయపడ్డాడు. 1968లో క్లార్క్, 1970లో జోకెన్ రింట్ లోటస్ కార్లలోనే మరణించారు. రింట్ ప్రమాదానికి బ్రేకు కడ్డీ విరగడం కారణమని భావిస్తారు. చాప్‌మన్ భాగాలను మరీ పలుచగా చేస్తాడన్న విమర్శను తోసిపుచ్చడం కష్టం.

మరణం

చాప్‌మన్ 54 యేళ్ళ వయసులో గుండెపోటుతో మరణించాడు. డెలోరియన్ కార్ల సంస్థకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన నిధుల మళ్ళింపులో ఇతని పాత్రపై ఆరోపణలు అప్పటికి తేలలేదు. 1992లో ఈ కేసులో లోటస్ ఆర్థిక అధికారి ఫ్రెడ్ బుషెల్‌కు మూడేళ్ళ జైలు శిక్ష పడింది. చాప్‌మన్ జీవించి ఉంటే కనీసం పదేళ్ళు పడేదని న్యాయమూర్తి అభిప్రాయపడ్డాడు.

గ్యారేజీలో తయారైన ఆ మొదటి కారును చాప్‌మన్ 1950లో అమ్మివేశాడు. దాని ఆచూకీ తెలిసినవారు చెప్పవలసిందిగా లోటస్ సంస్థ తన 70వ వార్షికోత్సవ సందర్భంగా 2018లో ప్రజలకు విజ్ఞప్తి చేసింది.