విల్లెబ్రార్డ్ స్నెల్

నీళ్ళ గ్లాసులో ఉంచిన చెంచా వంగినట్లు కనిపిస్తుంది. ఒక యానకం నుండి మరొక యానకంలోకి పోయేటప్పుడు కాంతి దారి మళ్ళుతుంది. అది ఎంత మళ్ళుతుందో లెక్కకట్టిన శాస్త్రజ్ఞుడు స్నెల్.

స్నెల్ 1580లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో జన్మించాడు. తండ్రి రుడోల్ఫ్ అక్కడి విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడు. 1613లో తండ్రి మరణించగా స్నెల్ ఆ స్థానంలో బోధించాడు. త్రిభుజాల సాయంతో పట్టణాల మధ్య దూరాలు గణించి, భూమి చుట్టుకొలతను అంచనా వేశాడు. 1617లో ఆ వివరాలను గ్రంథంగా ప్రకటించాడు.

1621లో ఆయన దృష్టి కాంతి వైపు మళ్ళింది. గాలిలో పతన కోణం 30 డిగ్రీలైతే నీటిలో వక్రీభవన కోణం సుమారు 22 డిగ్రీలు. పతన కోణం 60 డిగ్రీలైతే అది 44 కాదు, సుమారు 40.5 మాత్రమే. కోణాల మధ్య కుదరని పొత్తు త్రిభుజ భుజాలలో కుదిరింది. కొన్ని పొడవుల నిష్పత్తి ఎప్పుడూ మారదని స్నెల్ గ్రహించాడు. నేటి భాషలో చెప్పాలంటే, రెండు కోణాల సైన్‌ల నిష్పత్తి స్థిరం. గాలి నుండి నీటిలోకి అది సుమారు 1.33.

ఈ సూత్రాన్ని అచ్చు వేయించకుండానే స్నెల్ 1626లో, 46 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. 1637లో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ దానిని సైన్‌ల రూపంలో ప్రకటించాడు. స్నెల్ రాతప్రతిని చూసిన హైగెన్స్ ఆయన కృషిని లోకానికి తెలిపాడు. కళ్ళద్దాల నుండి దూరదర్శిని వరకు కటకాల తయారీకి ఈ సూత్రమే ఆధారం.